కప్ప నలుపు, తెగులు నలుపు

తొలకరి గట్టిగా పడ్డ రాత్రి బహదూర్‌పురా నుంచి కిషన్‌బాగ్ వైపు వెళ్తే వీధి దీపాల కింద ఉసిళ్లు రాలుతుంటాయి. వాటికోసం గోదురు కప్పలు మోరీల్లోంచి, పాత గోడల సందుల్లోంచి బయటికొచ్చి కూర్చుంటాయి. నాలుగు పక్కలా ఆటోలు, బైకులు పోతున్నా వాటికి పట్టదు. అటు పక్కన మీర్ ఆలం చెరువు, 21 కమాన్లతో 1800ల తొలి ఏళ్లలో కట్టిన దాని కట్ట. చెరువును ఆనుకుని 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు. జూకు టికెట్ కొనుక్కుని వచ్చిన వాళ్లు పులినీ ఏనుగునీ చూసి వెళ్లిపోతారు. గేటు బయట ఊరికే దొరికే ఈ జంతువును పిల్లలు రాళ్లతో కొడతారు, పెద్దలు చీపురుతో నెడతారు.

అక్కడి నుంచి నైరుతి దిక్కుకు కొంత దూరం పోతే రాజేంద్రనగర్. వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారత వరి పరిశోధన సంస్థ అక్కడే ఉన్నాయి. దేశమంతటా వరి వంగడాల పరీక్షలను ఒక తాటి మీదికి తెచ్చిన అఖిల భారత సమన్వయ పథకం 1965లో ఇక్కడే మొదలైంది. ఈ పొలాల్లో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెంటాడుతున్న శత్రువుల్లో అగ్గి తెగులు ఒకటి. దాన్ని కలిగించేది ఒక శిలీంద్రం, పేరు మాగ్నపోర్తే ఒరైజే. పాత పేరు పైరిక్యులేరియా ఒరైజే. ఇప్పటికీ రెండూ వాడుకలో ఉన్నాయి.

పాతబస్తీ మోరీలో ఉండే కప్పకూ వరి ఆకు మీది బూజుకూ పోలిక ఏమిటని అడగవచ్చు. చాలా ఉంది. రెండూ తడి రాత్రుల్లోనే పని చేస్తాయి. రెండింటి బతుకులోనూ నల్లరంగుకు పెద్ద పాత్ర ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇవి రెండూ చుట్టాలు. ఆ శిలీంద్రం వరి మొక్క కంటే కప్పకే దగ్గర. ఈ చుట్టరికం తెలియకపోతే తెగులు మందుల కథ సగమే అర్థమవుతుంది.

ముందు కప్ప సంగతి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఈ గోదురు కప్పను జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ గాట్లోబ్ ష్నైడర్ 1799లో వర్ణించాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ముందు సగం 2006లో మారింది. ఒడిశాకు చెందిన ఉభయచరాల పండితుడు సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం ఆ ప్రజాతికి ఆయన పేరు పెట్టారు. ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ఆయనా ఆయన సహచరులూ 1992లో చేసిన ఒక ప్రయోగం గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తోకకప్పల తోక కోసి విటమిన్ ఎ ఇస్తే, తోక మొలవాల్సిన చోట కాళ్లు మొలిచాయి. అది వేరే జాతి కప్ప. అయినా ఆ ఫొటోలు చూసినవాళ్లు మర్చిపోరు.

రెండో సగం, మెలనోస్టిక్టస్ అంటే నల్లచుక్కలది. టార్చి వేసి దగ్గరగా చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. వీపంతా పొక్కులు, చాలా పొక్కుల మొనలు నల్లగా గట్టిపడి ఉంటాయి. కళ్ల చుట్టూ, ముక్కు మీదుగా నల్లటి గట్లు, కాటుక దిద్దినంత స్పష్టంగా. కంటిపాప అడ్డంగా ఉంటుంది. కంటి వెనక రెండు పక్కలా ఉబ్బెత్తుగా రెండు గ్రంథులు, వాటి మీద సన్నని రంధ్రాలు. నోట్లో పళ్లు లేవు. ఉసిలిని నాలుకతో అందుకున్నాక మింగేటప్పుడు కళ్లు లోపలికి నొక్కుకుపోతాయి, కనుగుడ్లు నోటి పైకప్పును కిందికి నెట్టి మేతను గొంతులోకి తోస్తాయి. కప్ప కళ్లు మూసుకుని రుచి ఆస్వాదిస్తోందని అనుకునేవాళ్లున్నారు. నిజానికి అది మింగే పని.

దానికి నీళ్లు తాగే అలవాటు లేదు. పొట్ట కింద, తొడల మధ్య ఉన్న పలుచని చర్మాన్ని తడి నేలకు ఆనించి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మోరీ పక్కన, కుళాయి కింద, పూలకుండీల అడుగున దాని మకాం. గుడ్లు పెట్టడానికి మాత్రం నిలిచిన నీళ్లు కావాలి. వాన పడ్డాక ఆడ కప్ప జిగురు దారాల్లో వేలకొద్దీ నల్లటి గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే తోకకప్పలు కూడా నల్లనివే, లోతులేని నీటి అంచుల్లో గుంపులుగా తిరుగుతాయి. ఆ నలుపు మెలనిన్ అనే రంగుపదార్థం వల్ల. మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చేదీ ఆ కుటుంబానిదే.

ఇప్పుడు తెగులు. వరి ఆకు మీద చివరలు రెండూ మొనదేలి, మధ్యలో బూడిద రంగుతో, చుట్టూ గోధుమ రంగు అంచుతో నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తే రైతు గుండె గుభేలుమంటుంది. మచ్చలు కలిసిపోతే మడి అంతా నిప్పంటుకుని మాడినట్టు అవుతుంది. అదే తెగులు వెన్ను మెడకు తగిలితే మెడవిరుపు. వెన్ను వంగి విరిగిపోతుంది, గింజలు తాలుపోతాయి. చైనాలో సాంగ్ యింగ్‌షింగ్ 1637లో రాసిన గ్రంథంలో ఈ జబ్బు గురించి ఉంది. మన దేశంలో దీన్ని 1913లో మొదట నమోదు చేశారు. 1919లో తంజావూరు డెల్టాను బాగా దెబ్బతీసింది.

ఒక్క మచ్చ నుంచి రోజుకు రెండు వేల నుంచి ఆరు వేల దాకా సిద్ధబీజాలు ఊడి గాలిలో కలుస్తాయి, అలా రెండు వారాల పాటు. ఎక్కువగా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపు. ఒక్కో బీజం మూడు గదులుగా, ఒక కొన సన్నగా ఉంటుంది. ఆకు మీద పడగానే ఆ కొన నుంచి జిగురు విడుదలై అతుక్కుంటుంది. ఆకు మీద మంచో వాన నీరో ఉంటే రెండు గంటల్లో మొలకెత్తుతుంది. మొలక చివర ఉబ్బి గుండ్రటి గుబ్బ తయారవుతుంది. దాని పేరు అప్రెసోరియం. ఈ తెగులు మొత్తంలో నాకు అత్యంత అబ్బురంగా తోచేది అదే.

వరి ఆకు పైపొర గట్టిది, మైనపు పూతతో నీటిని కూడా నిలవనివ్వదు. దాన్ని చీల్చడానికి శిలీంద్రం తన గుబ్బలో గ్లిసరాల్ పోగుచేస్తుంది. గ్లిసరాల్ చిక్కగా ఉండటం వల్ల బయటి నీరు లోపలికి దూసుకొస్తుంది. లోపల ఒత్తిడి 80 వాతావరణాలకు చేరుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు నలభై రెట్లు. ఆ ఒత్తిడినంతా గుబ్బ అడుగున ఒక సన్నని మేకు మీద కేంద్రీకరించి ఆకు పొరలోకి దిగేస్తుంది. మరి గ్లిసరాల్ బయటికి కారిపోకుండా ఆపేది ఏమిటి? గుబ్బ గోడలో ఒక నల్లటి పొర. అదీ మెలనినే. ఆ పొర నీటిని రానిస్తుంది, గ్లిసరాల్‌ను పోనివ్వదు. మెలనిన్ తయారుచేయలేని శిలీంద్రపు జన్యులోప రకాలను పరీక్షించి చూశారు. అవి ఆకు మీద మొలిచాయి, గుబ్బా కట్టాయి. లోపలికి మాత్రం పోలేకపోయాయి.

కప్ప పిల్ల నల్లగా ఉండటం, తెగులు గుబ్బ నల్లగా ఉండటం కాకతాళీయం అనిపించవచ్చు. పేరు ఒకటే అయినా వీటి నలుపులు తయారయ్యే దారులు వేరు. కప్ప, మనిషి టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెట్టి టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో మెలనిన్ చేసుకుంటాయి. అగ్గి తెగులు శిలీంద్రం చిన్న చిన్న ఎసిటేట్ ముక్కలను కలుపుకుంటూ నాఫ్తలీన్ జాతి అణువుల మీదుగా తన నలుపు దాకా వెళ్తుంది. ఈ తేడాయే రైతుకు ఒక మందు ఇచ్చింది.

ఆ మందు ట్రైసైక్లజోల్. తెలంగాణ, ఆంధ్రల్లో వరి వేసే రైతుకు ఈ పేరు కొత్తకాదు. లీటరు నీటికి 0.6 గ్రాముల లెక్కన కలిపి కొట్టమని వ్యవసాయ అధికారులు చెబుతారు. ఇది శిలీంద్రాన్ని చంపదు. నలుపు తయారీలో ఒక ఎంజైమ్‌ను మాత్రం కట్టేస్తుంది. శిలీంద్రం మొలుస్తుంది, గుబ్బ కడుతుంది. గోడకు నలుపు ఉండదు, గ్లిసరాల్ నిలవదు, ఒత్తిడి ఎక్కదు, మేకు దిగదు. ఆయుధం చేతికి రాకుండా చేయడమే దీని పని. ఆ ఎంజైమ్ దారి కప్పలో లేనే లేదు, మనలోనూ లేదు. తెగులు మందుల్లో ఇంత సూటిగా గురిపెట్టినవి తక్కువ. (దాంతో ఇది అన్ని విధాలా నిరపాయమని తేల్చడానికి వీల్లేదు. ఐరోపా సమాఖ్య బియ్యంలో దీని అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించడంతో 2018 నుంచి మన బాస్మతి ఎగుమతిదారులు తలలు పట్టుకున్నారు. 2020లో కేంద్రం దీన్ని నిషేధించే ముసాయిదా కూడా తెచ్చింది.)

అన్ని మందులూ ఇలా సూటిగా ఎందుకు లేవు? ఇక్కడే చుట్టరికం సంగతి వస్తుంది.

మన ఇంటర్మీడియట్ బైపీసీ పిల్లలు శిలీంద్రాలను వృక్షశాస్త్రం పుస్తకంలో చదువుతారు. విశ్వవిద్యాలయాల్లోనూ అంతే. ఉస్మానియాలో శిలీంద్రాల అధ్యయనానికి పేరు తెచ్చిన ఆచార్య సి. మనోహరాచారి వృక్షశాస్త్ర విభాగం వారే. కదలవు, నేలలోంచో చెట్టులోంచో మొలుస్తాయి కాబట్టి ఒకప్పుడు వీటిని మొక్కల లెక్కలో వేశారు. ఆ ఏర్పాటు పాలనకు సౌకర్యమే గానీ జీవశాస్త్రానికి కాదని నా అభిప్రాయం. శిలీంద్రం కిరణజన్య సంయోగక్రియ చేయదు. జంతువులాగే ఎవరో చేసిపెట్టిన ఆహారం మీద బతుకుతుంది. కప్ప మింగి లోపల అరిగించుకుంటే, శిలీంద్రం ఎంజైములను బయటికి వదిలి అరిగించి పీల్చుకుంటుంది. మొక్క తన ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుంది. కప్ప తన కాలేయంలో, శిలీంద్రం తన కణాల్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. శిలీంద్రపు కణకవచంలో ఉండేది కైటిన్. కప్ప తినే ఉసిలి పైతొడుగులోనూ కైటినే. మొక్క కణకవచంలో ఉండేది సెల్యులోజ్.

ఇవి పై పోలికలే. గట్టి సాక్ష్యం జన్యు క్రమాల నుంచి వచ్చింది. 1993లో ఒకే ఏడాది వెలువడిన రెండు పరిశోధనలు జంతువులూ శిలీంద్రాలూ దగ్గరి చుట్టాలని తేల్చాయి. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి పోతే ఒక ఏకకణ జీవి ఉండేది. ఒక వైపు సంతానం కప్పలూ మనుషులూ, మరో వైపు సంతానం పుట్టగొడుగులూ ఈస్టూ అగ్గి తెగులూ. వరి వంశం అప్పటికే విడిపోయింది. ఈ ఉమ్మడి వంశానికి ఒక గుర్తు కూడా ఉంది: ఈదే కణానికి కశాభం వెనకవైపు ఉండి, కణాన్ని ముందుకు తోయడం. కప్ప శుక్రకణం తోక అలాంటిదే. కైట్రిడ్ అనే పురాతన శిలీంద్రాల ఈత బీజాలకూ అలాగే ఉంటుంది. అగ్గి తెగులు శిలీంద్రం గాలి ప్రయాణానికి అలవాటు పడి ఆ తోకను ఎప్పుడో పోగొట్టుకుంది.

చుట్టం అయినందువల్ల వచ్చే చిక్కును హైదరాబాద్ 2021 మేలో కళ్లారా చూసింది. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ బారిన పడినవాళ్లతో కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది. రోగుల బంధువులు ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ కోసం ఊరంతా తిరిగారు. ఆ మందు పనిచేసేది శిలీంద్రపు కణత్వచం మీద. ఆ పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది, మందు దాన్ని పట్టుకుంటుంది. మన కణత్వచంలో ఆ స్థానంలో కొలెస్టెరాల్ ఉంది. రెండూ దగ్గరి అణువులు. మందు ఎర్గోస్టెరాల్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది, కొలెస్టెరాల్‌నూ కొంత వదలదు. అందుకే ఆ మందు ఎక్కినవాళ్ల మూత్రపిండాలను డాక్టర్లు రోజూ కనిపెట్టుకుని ఉంటారు. బాక్టీరియా మనకు చాలా దూరం కాబట్టి యాంటీబయాటిక్‌లలో చాలావాటికి ఈ చిక్కు తక్కువ. శిలీంద్రానికి మందు కనిపెట్టడమంటే మనలాంటి కణాన్ని, మనకు తగలకుండా కొట్టడం. (బ్లాక్ ఫంగస్‌లో నలుపు మెలనిన్‌ది కాదు. ఆ శిలీంద్రం రక్తనాళాలను మూసేయడంతో చచ్చిన కండది.)

పొలంలో ఈ చిక్కును ఎదుర్కొనేది కప్ప. ట్రైసైక్లజోల్ తర్వాత వచ్చిన మందుల్లో పెద్ద వంశం స్ట్రోబిల్యూరిన్‌లది. వీటి మూలం ఒక చిన్న పుట్టగొడుగు. పైన్ చెట్టు కాయల మీద మొలిచే స్ట్రోబిల్యూరస్ తనకు పోటీగా వచ్చే ఇతర శిలీంద్రాలను తరిమేయడానికి ఆ రసాయనం వాడుకుంటుంది. దాన్ని చూసి కంపెనీలు గట్టి రకాలు తయారుచేశాయి. ఇవి మైటోకాండ్రియాలో శక్తి తయారయ్యే చోట ఒక ఎంజైమ్‌ను ఆపేస్తాయి. ఆ ఎంజైమ్ అగ్గి తెగులులోనూ ఉంది, కప్పలోనూ ఉంది. చుట్టాలు కదా.

2013లో జర్మనీ పరిశోధకుల బృందం ఏడు రకాల మందులను, లేబుల్ మీద రాసిన మోతాదులోనే, చిన్న కప్పల మీద పిచికారీ చేసి చూసింది. ఒక మందుకు వారం రోజుల్లో 40 శాతం చనిపోయాయి. పైరాక్లోస్ట్రోబిన్ అనే స్ట్రోబిల్యూరిన్ ఉన్న ఒక మందుకు గంట లోపే అన్నీ చనిపోయాయి. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలోనూ అదే మందు మైదానాల గోదురు కప్ప పిల్లలకు ప్రాణాంతకమని తేలింది. ఇందులో మెలిక ఒకటుంది. పైరాక్లోస్ట్రోబిన్‌నే ద్రావణి నూనె తక్కువగా ఉన్న మరో రూపంలో కొడితే చాలా తక్కువ కప్పలు పోయాయి. అంటే మందు ఎంత ముఖ్యమో, దాన్ని కలిపే నూనె కూడా అంతే ముఖ్యం. లేబుల్ మీద పెద్దక్షరాల్లో ఉండేది మందు పేరు, నూనె సంగతి చిన్నక్షరాల్లో కూడా సరిగా కనపడదు. కప్ప చర్మం నీటిని పీల్చుకునే చర్మమని ముందే చెప్పుకున్నాం. తడిసిన నేల మీద పొట్ట ఆనించి కూర్చున్న కప్ప నీటితో పాటు ఇంకేం పీల్చుకుంటుందో ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇప్పుడు వరికి అమ్మే పైరాక్లోస్ట్రోబిన్ రకాల్లో మందును సూక్ష్మ గుళికల్లో బంధించి, ఆకు మీద ఆరాకే విడుదలయ్యేలా చేశారు. మడి నీళ్లలో పడితే అందులోని ప్రాణులకు తక్కువగా తగలాలని ఆ ఏర్పాటు.

కప్ప ఏమీ చేతకాని ప్రాణి కాదు. కంటి వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో పాలలాంటి విషం ఉంది. గల్లీ కుక్క నోట కరిచిందంటే నురగలు కక్కుతూ వదిలేస్తుంది. ఆ విషంలోని అణువులు జంతు కణాల్లో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపును అడ్డుకుంటాయి. దాంతో గుండె లయ తప్పుతుంది. పాతబస్తీ ఇళ్ల ముంగిట్లో పెంచే గన్నేరు చెట్టులోని విషం కూడా సరిగ్గా ఆ పంపునే పట్టుకుంటుంది. గన్నేరు, గోదురు కప్ప ఒకే తాళానికి వేర్వేరుగా తాళంచెవి చేసుకున్నాయన్నమాట. ఆసియాలో కప్పలను తినే కొన్ని ఉడుములకూ పాములకూ ఆ పంపులో మార్పు వచ్చి విషం పట్టదు. ఆ మార్పు లేని చోటికి గోదురు కప్ప చేరితే ఏమవుతుందో మడగాస్కర్‌లో చూస్తున్నారు. 2014లో తొమాసినా ఓడరేవు దగ్గర ఈ కప్పలు కనిపించినట్టు ప్రకటించారు. డీఎన్‌ఏ చూస్తే అవి ఆగ్నేయాసియా నుంచి వచ్చినవి. ఆ ద్వీపపు జంతువుల్లో దాదాపు ఏదానికీ ఆ విషాన్ని తట్టుకునే పంపు లేదని 2018 నాటి అధ్యయనం చెప్పింది.

అగ్గి తెగులు కూడా ఇలాగే సముద్రాలు దాటింది. 1985లో బ్రెజిల్‌లో గోధుమను పట్టడం మొదలెట్టిన రకం 2016లో బంగ్లాదేశ్ గోధుమ పొలాల్లో ప్రత్యక్షమైంది. జన్యువులను పోల్చితే అది దక్షిణ అమెరికా వంశమేనని తేలింది. మన సరిహద్దు జిల్లాల్లో కొంతకాలం గోధుమ వేయొద్దని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆపాల్సి వచ్చింది. కప్ప ఓడ సరుకులో పోవచ్చు, తెగులు విత్తనంలో పోవచ్చు. రెంటికీ దారి చూపింది వ్యాపారమే.

కప్పకూ శిలీంద్రానికీ ముఖాముఖి యుద్ధం కూడా ఒకటి నడుస్తోంది. దాన్ని పట్టి చూస్తున్న సంస్థ మీర్ ఆలం చెరువుకు ఆ పక్కనే, అత్తాపూర్‌లో ఉంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్, అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల. బట్రాకోకైట్రియం అనే కైట్రిడ్ శిలీంద్రం కప్పల చర్మం మీద పెరుగుతుంది. దీనికి పేరు పెట్టింది 1999లో. 2019లో లెక్క తీస్తే, ప్రపంచంలో 501 జాతుల ఉభయచరాల క్షీణతకు ఇది కారణమని, వాటిలో 90 జాతులు పూర్తిగా పోయి ఉంటాయని వచ్చింది. ఇది కెరాటిన్ ఉన్న చర్మాన్నే పట్టుకుంటుంది. తోకకప్పకు కెరాటిన్ నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి బతికిపోతుంది. కప్పగా మారి ఒళ్లంతా కెరాటిన్ చర్మం రాగానే పట్టుబడుతుంది. చర్మం పాడైతే దానిగుండా సోడియం, పొటాషియం రాకపోకలు దెబ్బతిని, రక్తంలో వాటి పాళ్లు పడిపోయి గుండె ఆగుతుంది. ఇతరుల గుండె లయను సోడియం పంపుతో తప్పించే జంతువు, తన సోడియం లెక్క తప్పి చావడం ఇక్కడి విచిత్రం.

మన దేశంలోనూ ఈ శిలీంద్రం ఉంది. కప్పలు గుట్టలుగా చచ్చిన ఘటనలు మాత్రం ఇక్కడ నమోదు కాలేదు. దీని వంశం పుట్టిల్లు తూర్పు ఆసియా అని 2018లో జన్యు అధ్యయనం చెప్పింది. ఎక్కువకాలం కలిసి బతికిన చోట పోరు మెత్తబడి ఉండవచ్చు. లాకోన్స్ శాస్త్రవేత్తలు కప్ప చర్మం మీద దూదిపుల్లతో తుడిచిన నమూనాలో ఈ శిలీంద్రపు ఆనవాలు పట్టే కొత్త డీఎన్‌ఏ పరీక్షను తయారుచేశారు. దాన్ని ఆస్ట్రేలియా, పనామా నమూనాల మీద కూడా పరీక్షించారు.

ఈ కైట్రిడ్ కుటుంబంలో మొక్కలను పట్టేవీ ఉన్నాయి. బంగాళదుంపకు పులిపిర్లలాంటి గడ్డలు తెచ్చే సింకైట్రియం అందులోనిదే. మన దేశంలో డార్జిలింగ్ కొండల్లో దానికి కాపలా కాస్తున్నారు. దానికి కొంచెం ఎడంగా ఉండే ఫైసోడెర్మా మొక్కజొన్న ఆకుల మీద గోధుమ మచ్చలు తెస్తుంది. మన దేశంలో దాన్ని 20వ శతాబ్దం మొదట్లోనే గుర్తించారు. వీటి బీజాలు ఇప్పటికీ వెనక తోకతో నీటిలో ఈదుతాయి. మొక్కల తెగులు, కప్పల జబ్బు అని మనం వేరు వేరు శాఖలుగా పంచుకున్నాం. శిలీంద్రాలు ఆ శాఖలను ఖాతరు చేయవు.

ఇక మందు కొట్టకుండా అగ్గి తెగులును ఆపే మార్గం వంగడంలోనే ఉంది. 1986లో బాపట్లలో విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత బాగుంటుందో తెగులుకు అంత లొంగిపోతుంది. హైదరాబాద్ బిర్యానీకి బాస్మతి అయితే, రోజువారీ కంచంలో ఎక్కువగా ఉండేది ఇలాంటి సన్నాలే. కాబట్టి ఆ రుచికి తెగులును తట్టుకునే గుణం జోడించడం తెలంగాణకు పెద్ద పని. వియత్నాం వరి టెటెప్‌లోంచి మన శాస్త్రవేత్తలు వేరుచేసిన పీఐ54 అనే జన్యువు శిలీంద్రం లోపలికి పంపే ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఆ ప్రోటీన్‌ను శిలీంద్రం మార్చుకుందంటే గుర్తుపట్టదు. ఇందుకే ఒక్క జన్యువును నమ్ముకోకుండా రెండు మూడు కలిపి ఎక్కిస్తారు.

రాజేంద్రనగర్‌లోనే తయారై 2015 ప్రాంతంలో రైతులకు అందిన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, సన్న గింజతో పాటు అగ్గి తెగులును బాగా తట్టుకుంటుంది. ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 దాని తల్లిదండ్రులు. యూరియా మోతాదు మించితే తెగులు చెలరేగుతుంది. యాసంగి నారుమళ్లలో చలి రాత్రులు, పొద్దున మంచు ఉన్నప్పుడు దాని జోరు ఎక్కువ. తెలంగాణ సోనా వేసి, నత్రజని దఫాలుగా చల్లుకునే రైతు చాలా ఏళ్లు ట్రైసైక్లజోల్ డబ్బా మూత తీయకుండానే గట్టెక్కగలడు. పైరాక్లోస్ట్రోబిన్ జోలికి పోవాల్సిన పని ఇంకా తగ్గుతుంది. ఆ మేరకు గట్టు పక్క కాలువలోని నల్లటి తోకకప్పలు కాళ్లు మొలిచేదాకా బతుకుతాయి, పెద్దవయ్యాక అదే మడిలో పురుగులు ఏరుకు తింటాయి.